ఒకటో సిలిండర్ ఏదో చూపించలేకపోయాను, రంగం మారాలా?

ప్రశ్న: ఆటోమొబైల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. సర్వీసు టెక్నీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే, ఇంజిన్ ముందు నిలబెట్టి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, అడిగారు. 1-3-4-2 అని వెంటనే చెప్పాను. ‘ఇందులో ఒకటో సిలిండర్ ఏది?’ అని అడిగేసరికి నోట మాట రాలేదు. ఈ రంగం నాకు సరిపడదేమో! వేరే కోర్సులో చేరమంటారా?

జవాబు: వద్దు. మీకు లోపించింది ప్రతిభ కాదు, ఇంజిన్ దగ్గర గడిపిన సమయం. అది కొన్ని వారాల్లో పూడ్చుకోగలిగిన లోటే.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో చూడండి. స్కానర్‌లో పీ0303 కోడ్ వచ్చిందనుకోండి. మూడో సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోందని, అంటే అందులో ఇంధనం సరిగా మండటం లేదని దాని అర్థం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మీరు తప్పు చివర నుంచి లెక్కపెడితే, మూడు అనుకుని రెండో దాని మీద చెయ్యి వేస్తారు. బాగున్న ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ అందించేది) తీసి కొత్తది బిగిస్తారు. బండి అదే కుదుపుతో తిరిగి వస్తుంది. యజమాని డబ్బు పోతుంది, మీ మీద నమ్మకమూ పోతుంది. ఫైరింగ్ ఆర్డర్ నోటికి వచ్చినా ఇక్కడ ఆదుకోదు.

సాధారణంగా ఫ్లైవీల్‌కు (గేర్‌బాక్స్ వైపు ఉండే బరువైన చక్రం) ఎదురు చివర, అంటే బెల్టు పుల్లీ ఉన్న వైపు నుంచి లెక్క మొదలవుతుంది. ఇంజిన్‌ను అడ్డంగా అమర్చిన కార్లలో ఆ చివర కారు పక్కకు ఉంటుంది కాబట్టి, బానెట్ ముందు నిలబడి ‘ముందుది ఒకటి’ అనుకుంటే పొరపాటే. ప్యుజో, సిట్రోయెన్ ఇంజిన్లు చాలావాటిలో లెక్క ఫ్లైవీల్ వైపు నుంచి మొదలవుతుంది. రెండు వరుసల్లో నాలుగేసి సిలిండర్లుండే వీ8 ఇంజిన్ల సంగతి మరీ విచిత్రం. షెవర్లే స్మాల్ బ్లాక్‌లో ఎడమ వరుసకు 1, 3, 5, 7, కుడి వరుసకు 2, 4, 6, 8 అంకెలు ఇస్తే, ఫోర్డ్ వీ8లో కుడి వరుస 1 నుంచి 4, ఎడమ వరుస 5 నుంచి 8. అందుకే ఆ మోడల్ మాన్యువల్ తెరవకుండా అంకె చెప్పకూడదు.

ఇక 1-3-4-2. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, మీరే రాబట్టవచ్చు. మామూలు నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు జంటగా కదులుతాయి. 2, 3 మరో జంట. మొదటి జంట పైకి వచ్చినప్పుడు రెండోది కింద ఉంటుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా, అంటే 720 డిగ్రీల్లో, నాలుగూ ఒక్కొక్కసారి మండాలి. కాబట్టి 180 డిగ్రీలకు ఒకటి. ఒకటో సిలిండర్ మండాక పైకి వచ్చేది 2, 3 జంటే కాబట్టి, వాటిలో ఒకటి మండుతుంది. తర్వాతి వంతు 4ది, చివరికి 2, 3లో మిగిలినది. అంటే 1-3-4-2 లేదా 1-2-4-3 మాత్రమే సాధ్యం. ఆ రెండింటిలో ఏదన్నది వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ నిర్ణయిస్తుంది. 1-2-3-4 ఎందుకు కుదరదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. కాలేజీలో ఈ ఒక్క విషయం కాగితం మీద గీసి చూపితే ఎంతమంది భయం పోతుందో!

ఈ నెలలోనే ఒక పని చేయండి. వర్క్‌షాప్‌లోని పాత ఇంజిన్‌కు ఇగ్నిషన్ ఆపి, వాల్వ్ కవర్ విప్పి, ప్లగ్గులన్నీ తీసేయండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి, ఇంజిన్ నడిచే దిశలోనే మెల్లగా తిప్పండి. ఇన్‌టేక్ వాల్వులు ఏ వరుసలో తెరుచుకుంటాయో సుద్దతో రాసుకోండి. అదే ఫైరింగ్ ఆర్డర్. నాలుగో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకుంటున్న క్షణంలో ఆపి, ఒకటో దాన్ని చూడండి. రెండు వాల్వులూ మూసి ఉంటాయి. ఒకటో సిలిండర్ ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర ఉంచే సన్నని సందు) చూడాల్సింది సరిగ్గా అప్పుడే.

ఆ తర్వాత మూడు సిలిండర్ల ఇంజిన్‌కు 240, ఆరింటికి 120 డిగ్రీల అంతరంతో ఇదే లెక్క కట్టండి. ఆరు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో ఎక్కువగా కనిపించే 1-5-3-6-2-4 ఎలా వచ్చిందో మీకే దొరుకుతుంది.

మళ్లీ ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వస్తే అంకెతో మొదలుపెట్టకండి. ముందు పుల్లీ ఎటుందో చూడండి, ‘మాన్యువల్‌లో సరిచూసుకుంటాను, మామూలుగా అయితే ఇది ఒకటోది’ అని చేత్తో చూపించండి.