మాటల ముచ్చట: కలుపు, గునుగు, వీడ్

గత నెల ఈ శీర్షికలో ఇంగ్లీషు ‘వీడ్’కు తెలుగులో ‘కలుపు’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నందుకు నల్లగొండ, పాలమూరు వైపు పాఠకులు బాగానే నిలదీశారు. వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నం కలుపు, చెయ్యి కలుపు, మాట కలుపు అన్నప్పుడు ‘కలుపు’ అంటే చేర్చడం. పొలంలో కలుపు అంటే తీసి పారెయ్యవలసినది. ఒకే మాటకు ఇంత ఎదురెదురు అర్థాలు ఎట్లా వచ్చాయి? పైరులో కలిసిపోతుంది కాబట్టి కలుపు అయిందని మా తాత చెప్పేవాడు. అది నిజమేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: మీ తాతగారు చెప్పినది భాషాశాస్త్రం సంగతి ఎట్లున్నా పొలం సంగతిగా నూటికి నూరుపాళ్లు నిజం. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఊళ్లో పెరిగిన మీకు ఊదను గురించి నేను చెప్పనవసరం లేదు గానీ, పట్నపు పాఠకుల కోసం చెబుతాను. నారుమడిలో ఊద మొక్కను, వరి మొక్కను పక్కపక్కన పెడితే కొత్తవాళ్లు పోల్చుకోలేరు. ఆకు కాండానికి అంటుకున్న చోట గోటితో విప్పి చూస్తే వరికి పలుచని తెల్లటి నాలుక వంటి పొర, దాని పక్కన సన్నని నూగుతో చిన్న చెవులు కనిపిస్తాయి. ఊదకు ఆ చోట ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. అనుభవమున్న ఆడవాళ్లు దీన్ని కంటితో చూడను కూడా చూడరు, మోకాలి లోతు బురదలో వంగి నడుస్తూ వేళ్లతోనే కనిపెట్టి లాగేస్తారు. ఇంతగా కలిసిపోయే మొక్కకు కలుపు అని పేరు పెట్టారంటే ఎవరైనా నమ్ముతారు.

కానీ మాట పుట్టుక వేరే దారిన వచ్చినట్టు నాకు తోస్తుంది. కన్నడంలో కలుపును ‘కళె’ అంటారు, తమిళంలో ‘కళై’ అంటారు. రెండు భాషల్లోనూ అదే మాట క్రియ కూడా అయి, తీసివేయడం, తొలగించడం అనే అర్థాన్నిస్తుంది. కన్నడపు ‘బెళకు’ తెలుగులో ‘వెలుగు’ అయినట్టే ‘ళ’ మన దగ్గర ‘ల’గా మారడం కొత్త కాదు. కాబట్టి పొలంలోని కలుపు ఈ ‘తీసివేత’ కుటుంబానికి చెందినదనీ, అన్నంలోని కలుపు ‘కలియు’ అనే ధాతువుకు ప్రేరణార్థకమనీ, రెండూ వేరువేరు చోట్ల పుట్టి తెలుగులో ఒకే రూపానికి వచ్చాయనీ నా అభిప్రాయం. మక్తల్, నారాయణపేట ప్రాంతాల్లో కన్నడం తెలిసిన వారికి ఇందులో ఒక తమాషా వెంటనే తెలుస్తుంది. కన్నడ బడిలో లెక్కల పంతులు ‘కళె’ అంటే పిల్లలు తీసివేత చేస్తారు. తెలుగు బడిలో పంతులు ‘కలుపు’ అంటే కూడిక చేస్తారు.

రెండు మాటలు ఒకే రూపంలో ఉన్నా మనం వాడుకలో తికమక పడకపోవడానికి కారణం, పక్కనున్న మాట మనకు దారి చూపడమే. ‘కలుపు మందు’ అంటే చేనులో కొట్టేది, ‘మందు కలుపు’ అంటే సాయంత్రం గ్లాసులో చేసే పని. ‘కలుపుగోలు మనిషి’ అంటే పదిమందితో కలిసిపోయే మంచివాడు, ‘కలుపు మొక్క’ అంటే నలుగురిలో ఉండనివ్వరానివాడు. అయితే ‘మా అమ్మ కలుపుకు పోయింది’ అన్న వాక్యం మాత్రం ఊరి చెవికే అందుతుంది; హైదరాబాదులో పుట్టి పెరిగిన మా మేనకోడలు ఒకసారి అది విని ‘ఏం కలపడానికి?’ అని అడిగింది.

ప్రశ్న: వానకాలంలో మా పత్తి చేనులో గునుగు కలుపని కైకిలి ఇచ్చి తీయించాము. బతుకమ్మ పండుగకు అదే గునుగు నల్లగొండ అంగడిలో కట్టకింతని పైసలు పెట్టి కొన్నాము. గునుగు పువ్వా, కలుపా? – ఒక గృహిణి, నకిరేకల్

జవాబు: అమ్మా, మీరు రెండు సార్లూ సరిగ్గానే చేశారు. ‘కలుపు’ అనేది వరి, జొన్న, పత్తి వంటి మొక్క పేరు కాదు. అది ఒక మొక్కపై రైతు ఇచ్చే తీర్పు. ఆ తీర్పు చేను గట్టు దాటితే చెల్లదు, నెల మారితే కూడా చెల్లకపోవచ్చు. శ్రావణంలో పత్తి మొక్క ఇంకా జానెడు ఉన్నప్పుడు దాని నీళ్లు, ఎరువు, ఎండ లాక్కుంటున్న గునుగు కలుపు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చే వేళకు గట్టు మీద, పడావు భూమిలో తెల్లగా, కొసన గులాబీ జీరతో నిలబడ్డ అదే గునుగు పువ్వు. దాని కాడలను ఒకే కొలతకు కోసి, కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, తాంబాళంలో తంగేడు మీద వరుస తిప్పుతూ పేర్చే చేతులూ, రెండు నెలల ముందు అదే మొక్కను వేరుతో పెకిలించిన చేతులూ చాలా ఇళ్లలో ఒకరివే. లేత గునుగును కూర వండుకునే వాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర అదే మొక్కకు మూడో పేరు, ఆకుకూర.

మీ ప్రశ్న వల్ల నాకు ఇంకో సంగతి గుర్తుకు వచ్చింది. తెలుగు బైబిలులో గోధుమల మధ్య శత్రువు వచ్చి కలుపు విత్తిన కథ ఉంది. అక్కడ అనువాదకులు ‘గురుగులు’ అనే మాట వాడారు. గురుగు అంటే మన గునుగే. ఆ కథ జరిగిన దేశంలోని కలుపు మాత్రం వెన్ను తీసే దాకా అచ్చంగా గోధుమలాగే కనిపించే గడ్డి. పెరికితే గోధుమ కూడా ఊడి వస్తుంది, కోత దాకా ఉండనివ్వండి అని యజమాని చెప్పడంలోని కిటుకు అంతా ఆ పోలికలోనే ఉంది. గునుగును గోధుమ అనుకొని పొరబడే పాలేరు లోకంలో ఉండడు. అక్కడ ‘ఊద’ అని ఉంటే మన వరి రైతుకు కథ ఇంకా లోతుగా దిగేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఊద మాట వచ్చింది కాబట్టి మరొకటి. వరిమడిలో మనం కైకిలి పెట్టి తీయించే ఊదకు దగ్గరి చుట్టమే, పట్నపు దుకాణాల్లో ఇప్పుడు సిరిధాన్యమని మంచి ధరకు అమ్ముతున్న ఊదలు. గరికను చేనులో తిట్టుకుంటాము, వినాయక చవితికి వెతుక్కుంటాము. తుంగను ఎంత లాగినా ఆకు మాత్రమే చేతికి వచ్చి, భూమిలోని గడ్డలు గొలుసుకట్టుగా మిగిలి వారానికే మళ్లీ మొలుస్తాయి. ఆ గడ్డలనే తుంగముస్తలని మూలికల దుకాణంలో తూకమేసి అమ్ముతారు. ఇక గంగవాయిలి కూర సంగతి అందరికంటే కలుపు తీసే ఆడవాళ్లకే తెలుసు. కుర్పితో వరుస వెంట అన్నిటినీ గీకి పారేస్తూ వచ్చే మనిషి, ఎర్రటి కాడలతో నేలకు పరుచుకున్న గంగవాయిలి కనిపించగానే చెయ్యి ఆపి, దాన్ని మెల్లగా తుంచి, మన్ను దులిపి ఒడిలో వేసుకుంటుంది. పొద్దు గూకి ఇల్లు చేరేసరికి పప్పులోకి సరిపోయేంత అవుతుంది. ఆ ఒడిలోనిది కలుపు కాదని ఆమెకు ఏ వ్యవసాయాధికారీ చెప్పనక్కర లేదు.

అయితే ఎవరి తీర్పులోనూ పువ్వు కాలేని మొక్కలు కొన్ని ఉన్నాయి. వయ్యారిభామ అటువంటిది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955 ప్రాంతంలో పుణె వద్ద గుర్తించారు. ఇప్పుడు రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో, బీడు భూముల్లో తెల్లటి చిన్న పూలతో అదే కనిపిస్తుంది. పశువులు ముట్టవు, చేత్తో పీకితే ఒళ్లు దురదలు, పుప్పొడి పీలిస్తే కొందరికి ఆయాసం. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరు వద్ద వదిలారు; ఆ పురుగు మనుగడ సాగించింది గానీ మొక్కదే పైచేయి. ఇంత హాని చేసే మొక్కకు వయ్యారిభామ అని పేరు పెట్టిన వారెవరో గానీ వెటకారం బాగా తెలిసిన వారు. పాలమూరు జొన్న చేనులో జొన్న వేరును పట్టుకొని రసం పీల్చే పరాన్నజీవి కలుపును ‘మల్లె’ అనడం కూడా ఇటువంటిదే.

ప్రశ్న: కాలేజీ పిల్లలు గంజాయిని ‘వీడ్’ అంటున్నారు. నిఘంటువు చూస్తే కలుపు అని ఉంది. గంజాయి కలుపు మొక్కా? – ఇద్దరు పిల్లల తండ్రి, మహబూబ్‌నగర్

జవాబు: ఇంగ్లీషులో ‘వీడ్’ అనే ముద్దుపేరు మొదట పొగాకుకు వచ్చింది, నాలుగు వందల ఏళ్ల నాటి మాట. గంజాయికి అది అంటుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఎవరూ విత్తకపోయినా పెరిగే మొక్క అన్న భావం అందులో ఉంది. మన వాళ్లు ఈ పోలికను ఇంగ్లీషు వాళ్లను అడగకుండానే పట్టారు: ‘తులసి వనంలో గంజాయి మొక్క’ అన్న సామెతలో గంజాయి నిక్కచ్చిగా కలుపే. తేడా ఎక్కడంటే, మన సామెతలో ఆ మాట తిట్టు; పిల్లల నోట ‘వీడ్’ అన్నప్పుడు అది ఏదో పచ్చగడ్డి, ఏమీ కాదులే అన్న తేలికతనాన్ని ఇస్తుంది. చట్టానికి ఆ తేలికతనం తెలియదు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం ఆ మొక్క పూత, కాయ పట్టిన కొసలే గంజాయి. కొసలు లేని ఉత్త ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కిలో వరకు ‘చిన్న పరిమాణం’ అంటారు గానీ దానికీ ఏడాది వరకు జైలు పడవచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. కాబట్టి పత్రికల వారికి నా మనవి ఒకటే: తెలుగు వార్తలో ‘వీడ్’ అని రాయవద్దు, గంజాయి అనే రాయండి. మీ ఇంట్లో కూడా పిల్లలతో ఆ పేరే వాడండి. పేరు సరిగా పలికితే మాట్లాడవలసిన సంగతి కూడా దానంతట అదే మొదలవుతుంది.

ప్రశ్న: మా కార్యాలయంలో పాత ఫైళ్ల ‘వీడింగ్’ జరుగుతున్నది. తెలుగు నోటులో ఏమని రాయాలి? – ఒక గుమస్తా, నాగర్‌కర్నూల్

జవాబు: ‘కాలం చెల్లిన దస్త్రాల ఏరివేత’ అని రాయండి, చాలు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఎవరో ‘దస్త్రముల కలుపు’ అని రాస్తే, అటెండరు రెండు బీరువాల ఫైళ్లను నిజంగానే ఒక బీరువాలో కలిపేశాడు. విడదీయడానికి మాకు నెల పట్టింది. గ్రంథాలయాల్లో చిరిగిన, పనికిరాని పుస్తకాలను బీరువాల నుంచి తీసేయడానికి కూడా ఇదే ఇంగ్లీషు మాట వాడతారు; అక్కడా ఏరివేతే సరిపోతుంది. విత్తనపు వరిలో వేరే రకం మొక్కలను తీయడాన్ని మాత్రం కలుపు తీయడం అనకూడదు. అవీ వరి మొక్కలే కాబట్టి రైతులు వాటిని కేళీలు అంటారు.

ప్రశ్న: ‘సీవీడ్’ను సముద్రపు కలుపు అనవచ్చా? అట్లాగే ఒక ఇంగ్లీషు కథలో భర్త పోయిన ఆమె ‘వీడ్స్’ వేసుకున్నదని ఉంది. గడ్డి ఎట్లా వేసుకుంటుంది? – డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: సముద్రపు నాచు అనండి. దాన్ని ఎవరూ కలుపుగా చూడరు. జెల్లీలు గడ్డకట్టడానికి వాడే అగర్ అగర్ దాని నుంచే తీస్తారు, తమిళనాడు తీరంలో తాళ్లకు కట్టి సాగు కూడా చేస్తారు. సాగు చేసేదాన్ని కలుపు అంటే రైతు ఒప్పుకోడు.

రెండోది గడ్డి కాదు, బట్టలు. పాత ఇంగ్లీషులో వస్త్రానికి ఇంచుమించు ఇటువంటి ఉచ్చారణే ఉన్న వేరే మాట ఒకటి ఉండేది. అది మిగతా చోట్ల చచ్చిపోయి, భర్త పోయిన స్త్రీ కట్టే నల్లటి బట్టల పేరులో మాత్రం మిగిలింది. ‘వైధవ్య వస్త్రాలు’ అనో, ‘సంతాప సూచకంగా కట్టిన నల్లబట్టలు’ అనో సందర్భాన్ని బట్టి అనువదించండి. పైన మిర్యాలగూడ మాస్టారికి చెప్పిన తమిళ ‘కళై’ క్రియకు, కలుపు తీయడంతో పాటు ఒంటి మీది బట్ట తీయడం అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషు మాటకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు, వట్టి కాకతాళీయం.