బ్లాక్ చేసినా ఆగని కాల్స్‌ను ఏం చేయాలి?

"రోజూ అమ్మకాల కాల్స్, మోసపు కాల్స్. ఎన్ని నంబర్లు బ్లాక్ చేసినా ఆగట్లేదు" అని అడిగారు.

ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో అవతలివాళ్లు తమకు నచ్చిన నంబర్ కనిపించేలా చేయగలరు. మీరు బ్లాక్ చేసేది ఆ దొంగ నంబర్‌నే, మనిషిని కాదు. అందుకే స్క్రీన్ మీద బ్యాంకు నంబరే కనిపించినా నమ్మకండి.

ఫోన్ ఎత్తి "హలో" అన్నాక రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తే అది చాలావరకు ఆటో డయలర్. ఒకేసారి చాలామందికి ఫోన్ కలిపి, ఎత్తినవాళ్లను ఖాళీగా ఉన్న ఏజెంట్‌కి అప్పగిస్తుంది. ఏజెంట్ వచ్చేలోపే పెట్టేయండి.

అమ్మకాల కాల్ అయితే "వద్దు, నా నంబర్ మీ జాబితాలోంచి తీసేయండి" అంటే చాలు. కారణాలు చెప్పకండి, ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర ఓ జవాబు రాసిపెట్టి ఉంటుంది.

అసలు భయపడాల్సింది తొందరపెట్టేవాళ్లకి. "గంటలో మీ ఖాతా ఆగిపోతుంది, లైన్ కట్ చేయకండి" అంటారు. మనకి ఆలోచించే టైమ్ ఇవ్వకూడదన్నదే వాళ్ల ఎత్తు. వెంటనే కట్ చేసి, కార్డు వెనక ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేయండి. ఓటీపీ చెప్పమన్నా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా మోసమే.

ఒక్క రింగ్‌తో ఆగిపోయిన విదేశీ నంబర్‌కి తిరిగి చేయకండి, చార్జీలు భారీగా పడొచ్చు.

ఫోన్ సెట్టింగ్స్‌లో తెలియని నంబర్లు మోగకుండా చేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం ఇంకోటి కూడా చెప్పండి: మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం మర్యాద తప్పడం కాదని. పాపం, చాలామంది ఆ మొహమాటంతోనే లైన్‌లో ఉండిపోతారు.