నిద్రమాత్రను ఒక్కరోజులో మానేయవచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. మూడేళ్ల క్రితం మామగారు పోయాక నిద్ర పట్టకపోతే, డాక్టరు గారు పదిహేను రోజులకు ఆల్‌ప్రాజోలామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఆ తర్వాత అదే చీటీతో మేమే తెచ్చి వేస్తూ వచ్చాం. పోయిన వారం తెల్లవారుజామున బాత్‌రూముకు వెళుతూ ఆమె పడిపోయారు. ఎముక విరగలేదు గానీ, మావారు భయపడి మిగిలిన మాత్రలన్నీ పారేశారు. అప్పటి నుంచి మూడు రాత్రులుగా ఆమెకు కంటిమీద కునుకు లేదు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. ఓర్చుకుంటే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే ఫోనులో మీకు చెప్పిన మాటను, ఇదే స్థితిలో ఉన్న ఇతర కుటుంబాల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను: ఓర్చుకోవలసిన పని లేదు, ఓర్చుకోవడం క్షేమమూ కాదు. మూడేళ్లుగా రోజూ వేసుకున్న ఆల్‌ప్రాజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, చెమట, గుండెదడ, పట్టలేని ఆందోళన వస్తాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, మతి తప్పి మాట్లాడతారు, లేనివి ఉన్నట్టు కనబడతాయి. ఈ చివరి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. సాధారణంగా వారు మాత్రను మళ్లీ మొదలుపెట్టి, శరీరం కుదుటపడ్డాక కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

ఇది మన ప్రాంతానికి కొత్త అనుభవమేమీ కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, రోజూ తాగేవారు ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో మత్తు కోసం కలుపుతూ వచ్చిన పదార్థాలలో ఆల్‌ప్రాజోలామ్, డయజిపామ్ ముఖ్యమైనవి. మీ అత్తగారు డాక్టరు రాసిన మందును వేసుకున్నారు, వారు తెలియక కల్తీ కల్లు తాగారు. మందు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మెదడుకు పట్టదు, ఉన్నట్టుండి ఆగిందన్నదే దానికి తెలుస్తుంది. కాబట్టి ఆమెకు ఇది అలవాటైపోయిందా అన్న ప్రశ్న మీ మనసులో మెదిలితే, అందులో ఆమె తప్పేదో ఉందన్న ధ్వని ఉంటే దానిని తీసేయండి. చెప్పిన మోతాదు దాటకుండా వేసుకున్నవారిలో కూడా, కొన్ని వారాలలోనే శరీరం ఈ మందుకు అలవాటుపడగలదు.

ఇక పడిపోవడం సంగతి. మీవారి అనుమానం సరైనదే, ఆయన ఎంచుకున్న మార్గమే సరికాదు. ఆరోగ్యవంతులైన వయోజనుల రక్తంలో ఆల్‌ప్రాజోలామ్ సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడితే, వృద్ధులలో సుమారు 16 గంటలు పడుతుంది. అంటే రాత్రి పదింటికి వేసుకున్న మాత్రలో సగానికి పైగా తెల్లవారుజామున నాలుగింటికి ఆమె ఒంట్లోనే ఉంది. కాళ్లు తడబడటం, తూలడం, మతిమరుపు, పగలంతా మగతగా ఉండటం ఈ మందు పనిలో భాగమే గనుక, అమెరికా వృద్ధవైద్యుల సంఘం పెద్దవారికి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితాలో ఆల్‌ప్రాజోలామ్ కోవ మందులను చేర్చింది. తగ్గించాలనుకోవడం మంచి నిర్ణయమే. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి మోతాదును 5 నుంచి 10 శాతం మాత్రమే తగ్గించడంతో మొదలుపెట్టాలన్నది ఇప్పటి వైద్య మార్గదర్శకం. ఆ లెక్కన నెలలు పడుతుంది. మూడేళ్ల అలవాటుకు అది ఎక్కువ కాలమేమీ కాదు. అంత చిన్న కోతలు ఇంట్లో మాత్రను విరిచి వేసుకుంటే కుదరవు, డాక్టరే ఏర్పాటు చేయాలి. అన్నట్టు, ఆ తెల్లవారుజామున బాత్‌రూము దారిలో దీపం వెలుగుతోందా? ఈ నెలలన్నీ అది వెలుగుతూనే ఉండాలి.

ప్రశ్న: నా వయస్సు 34. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు ఉద్యోగం. పగటి నిద్ర కోసం డాక్టరు రాసిన జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. మొన్న లేచి చూస్తే వంటింట్లో స్టవ్ వెలుగుతోంది, బాణలిలో ఉప్మా మాడిపోయి ఉంది. ఇంట్లో నేనొక్కడినే ఉంటాను, వండినట్టు నాకు ఏమాత్రం గుర్తులేదు. బైకు మీదే ఆఫీసుకు వెళతాను. భయపడాలా?
– ఒక పాఠకుడు

జవాబు: భయపడాలి, భయపడి ఈ రోజే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. పై జవాబులో మెల్లగా తగ్గించమని, ఇక్కడ వెంటనే ఆపమని అంటున్నానేమని మీకు తోచవచ్చు. నిద్రలోనే లేచి నడవడం, వండటం, బండి నడపడం వంటివి ఒక్కసారి జరిగినా ఈ మందును మళ్లీ వాడకూడదు. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద, ఇదే కోవకు చెందిన మరో రెండు మందుల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించమని ఆదేశించింది. 26 ఏళ్ల కాలంలో ఆ సంస్థ దృష్టికి వచ్చిన 66 తీవ్ర ఘటనలలో 20 మరణాలున్నాయి. సంఖ్య చిన్నదే, కానీ ఆ స్టవ్ మీద మంట మీ ఇంట్లోది. నెలల తరబడి రోజూ వేసుకుంటూ ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి, ఆపాక వచ్చే ఇబ్బందులను వారు మరో విధంగా సర్దుతారు.

బైకు విషయం ఇంకొకటి. ఈ మాత్ర వేసుకున్నాక కనీసం ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి. నాలుగు గంటల నిద్రతో షిఫ్టుకు బయలుదేరితే, చురుగ్గా ఉన్నానని మీకు అనిపిస్తున్నా, మందు ఇంకా దిగి ఉండదు. 10 మిల్లీగ్రాములు వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత కూడా, బండి నడపడానికి అడ్డమయ్యేంత మందు సుమారు 15 శాతం స్త్రీల రక్తంలోనూ, 3 శాతం పురుషుల రక్తంలోనూ మిగిలి ఉన్నట్టు తేలింది. అందుకే 2013లో అక్కడ స్త్రీలకు మొదటి మోతాదును 5 మిల్లీగ్రాములకు తగ్గించారు. వారాంతంలో మద్యం తీసుకునే అలవాటుంటే దానిని డాక్టరు దగ్గర దాచకండి. రెండూ కలిస్తే మత్తు పెరగడమే కాదు, శ్వాస మందగిస్తుంది.

ప్రశ్న: మా వీధిలోని మెడికల్ షాపువారు పాత చీటీకి నిద్రమాత్రలు ఇవ్వమంటున్నారు. నిరుడు ఇచ్చినవారే! ఎదురింటి వారి దగ్గర అవే మాత్రలున్నాయి, నాన్నగారికి తెచ్చి వేయవచ్చా? ఆయనకు గురక ఎక్కువ, నడుము నొప్పికి ట్రమడాల్ వాడుతున్నారు.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: షాపువారు ఇప్పుడు చేస్తున్నదే సరైన పని, నిరుడు చేసిందే తప్పు. 2014 మార్చి నుంచి మన దేశంలో ఆల్‌ప్రాజోలామ్, డయజిపామ్, జోల్పిడెమ్ వంటివి హెచ్1 షెడ్యూలులో, అంటే డాక్టరు చీటీ మీద మాత్రమే, లెక్క రాసి అమ్మవలసిన మందుల జాబితాలో ఉన్నాయి. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఎదురింటి మాత్రలు మాత్రం వద్దే వద్దు. పెద్ద గురక నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు గుర్తు కావచ్చు, ఆ జబ్బున్నవారికి నిద్రమాత్రలు కీడు చేయగలవు. పైగా ట్రమడాల్ నల్లమందు కోవకు చెందినది. దానితో ఈ మాత్రలు కలిస్తే ఊపిరి ప్రమాదకరంగా మందగించవచ్చు. నాన్నగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు ఆయన వాడే మందులన్నీ, జలుబు మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయన పక్క గదిలో పడుకునే మీరు ఆ గురక మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందా అన్నది రెండు రాత్రులు గమనించి, ఆ సంగతి కూడా చెప్పండి.