మిషన్ గుంటూరులో, మౌస్ విజయవాడలో

ప్రశ్న: గుంటూరులో రీసెర్చ్ చేస్తున్నాను. మిర్చి శాంపిల్స్‌లో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) చూడటానికి హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే మిషన్) రాత్రంతా నడపాలి. విజయవాడలో ఇంటి నుంచే చూసుకోవడానికి రౌటర్‌లో 3389 పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి, ల్యాబ్ పీసీని దూరం నుంచే నడిపేలా రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకున్నాం. మాటిమాటికీ కట్ అవుతోంది. క్లౌడ్‌కి మారితే బాగుపడుతుందా?

జవాబు: కట్ అవుతున్నందుకు సంతోషించండి. ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది మూడోది. అందరి బెంగా స్పీడ్ గురించే, తెరిచిపెట్టిన ఆ పోర్ట్ గురించి ఒక్కరూ అడగరు. అలాంటి పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో ప్రోగ్రాములు రాత్రీపగలూ వెతుకుతూనే ఉంటాయి. దొరికిందా, పాస్‌వర్డులు ఒక్కొక్కటీ వేసి చూస్తాయి. మీ పాస్‌వర్డ్ ఎక్కడుందో నేను చెప్పగలను: మానిటర్ అంచున సెల్లోటేప్‌తో అంటించిన చీటీ మీద, ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో. నిరుడు వెళ్లిపోయినవాళ్లు కూడా ఇంకా ఆ గ్రూపులోనే ఉండి ఉంటారు.

ఆ పీసీలో విండోస్ 7 ఉందనుకుంటున్నాను. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అంతకుముందే, 2019 మేలో, రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. దాంతో పాస్‌వర్డ్ కూడా లేకుండా లోపలికి దూరొచ్చు. దాన్ని సరిచేసే ప్యాచ్ అప్పుడే ఇచ్చారు, కానీ మీరు వేసి ఉండరు. 'అప్‌డేట్ చేశాక సాఫ్ట్‌వేర్ ఆగితే మాకు సంబంధం లేదు' అని సర్వీస్ ఇంజినీర్ భయపెట్టి ఉంటాడు. లక్షలు పోసి కొన్న పరికరం పదిహేనేళ్లు నడుస్తుంది, దాని సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఐదేళ్లకే గాలికొదిలేస్తారు. కొత్త వెర్షన్ అడిగితే కొత్త మిషన్ కొటేషన్ పంపుతారు! ఎవడో ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) వదిలితే పోయేది మీ క్రొమటోగ్రామ్‌లు (మిషన్ గీసిచ్చే గ్రాఫులు), మీ థీసిస్.

ఈరోజే ఆ పోర్ట్ మూసేయండి. ల్యాబ్ పీసీకి నేరుగా ఇంటర్నెట్ ఇవ్వొద్దు. పక్కన అప్‌డేట్లు వచ్చే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టి, పీసీని దానికి మాత్రమే కలపండి. ఆ చిన్నదే క్లౌడ్‌కి కనెక్ట్ అవుతుంది కాబట్టి బయటి నుంచి లోపలికి దారి తెరవక్కర్లేదు. మీరు క్లౌడ్‌లో ఎవరి లాగిన్‌తో వాళ్లు, ఓటీపీ కొట్టి వెళ్లాలి. రన్ చూడటమే పనైతే కంట్రోల్ ఇవ్వకుండా స్క్రీన్ చూపిస్తే చాలు. రా డేటా ఎప్పటికప్పుడు క్లౌడ్ స్టోరేజ్‌లోకి, పాత కాపీలు చెరపడానికి వీల్లేకుండా, వెళ్లాలి. గ్రాఫుల్లోని పీకుల లెక్కలు ఇంట్లో తీరిగ్గా చేసుకోవచ్చు.

ఇంకొకటి. అర్ధరాత్రి మొబైల్ ఫేజ్ (మిషన్‌లోకి పంపు తోసే ద్రావకం) అయిపోతే క్లౌడ్ వచ్చి బాటిల్ నింపదు. రన్‌కి సరిపడా పోసి, ప్రెషర్ పెరిగినా పడిపోయినా పంపు ఆగేలా లిమిట్లు పెట్టి, అప్పుడు బస్సెక్కండి.