టెక్ సందేహాలు: కొత్త స్పీకర్లు వేసినా బేస్ రావట్లేదా?

సందేహం: కారు ముందు డోర్లలో 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండేవి) వేయించాను. గొంతు బాగా తేటగా వస్తోంది కానీ డ్రమ్స్‌లో దెబ్బ లేదు. డిక్కీలోని సబ్‌వూఫర్ ఎక్కడో వెనక విడిగా మోగుతున్నట్టు ఉంది. డోర్ కోసి 8 అంగుళాలవి పెడితే సరిపోతుందంటున్నారు. పెట్టించుకోనా?

జవాబు: ఇప్పుడే కోయించకండి. ఈ సందేహం పంపేవాళ్లలో చాలామంది అప్పటికే రెండో జత కొనేసి, మూడో జత పేరు చెప్పమంటారు. డోర్ అలాగే ఉన్నప్పుడు ఎన్ని జతలు మార్చి ఏం లాభం? మిడ్‌బేస్ అంటే సుమారు 80 నుంచి 300 హెర్ట్జ్. ఆ మేరకు మీ స్పీకర్‌కు డోరే పెట్టె. ఆ పెట్టెకు కంతలున్నాయి.

డోర్ లోపలి ట్రిమ్ (కవర్) ఊడదీయించి చూడండి. పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని వెనక గ్లాసు మోటారు కోసం వదిలిన, చెయ్యి దూరేంత ఖాళీలు కనిపిస్తాయి. కోన్ (స్పీకర్‌లో ఊగే భాగం) వెనక పుట్టిన ధ్వని ఆ ఖాళీల్లోంచి బయటికొచ్చి, ముందు పుట్టిన ధ్వనిని తినేస్తుంది. పాట నడుస్తుండగా ఒక దళసరి అట్టను పెద్ద కంతకు అదిమి పట్టండి. రేకు అంచులు కోసుకుంటాయి, చేతులకు గ్లవ్స్ ఉండాలి. అట్ట పట్టగానే దెబ్బ బరువెక్కిందా, జబ్బు దొరికినట్టే. ఆ కంతలను అల్యూమినియం రేకుతో, స్క్రూలు బిగించి మూయించాలి. రేపు గ్లాసు మోటారు పాడైతే మళ్లీ తీయాలి కదా. బ్యూటైల్ (రబ్బరు లాంటి, అంటుకునే) షీటు డోర్ రేకు అదురును తగ్గిస్తుంది, అంతే. పెద్ద కంత మీద దాన్నొక్కదాన్నే అంటిస్తే అది కూడా కోన్‌తో పాటు ఊగుతుంది. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. వాన నీరు గ్లాసు వెంట లోపలికి దిగడం మామూలే. అందుకే స్పీకర్ కింద ఎండీఎఫ్ (చెక్క నారతో చేసిన బోర్డు) రింగు వద్దు, తడికి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు వేయించండి.

ఇంకో చిన్న పరీక్ష. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే బేస్ పెరిగి, మధ్యలోకి తేగానే తగ్గుతోందా? అలాగైతే ఒక డోర్‌లో ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయి.

సబ్‌వూఫర్ వెనక మోగుతున్నట్టు ఉండటానికీ డోర్ల లోపమే మూలం కావచ్చు. డోర్లలో బేస్ లేదని సబ్‌వూఫర్‌ను 120 హెర్ట్జ్ దాకా పాడిస్తుంటారు. అంత పైకి వెళ్తే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. డోర్లు సరిచేశాక రెండింటినీ 80 దగ్గర, ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ స్లోప్‌తో (హద్దు దాటాక శబ్దం తగ్గే వేగం) విడదీయండి. డోర్ స్పీకర్‌ను 40 దాకా దించాలన్న ఆశ వద్దు. అదే శబ్ద స్థాయిలో ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, దిగాలంటే కోన్ నాలుగింతలు ఎక్కువ కదలాలి.

ఇంత చేశాక కూడా చాలకపోతే కొత్త స్పీకర్ గురించి ఆలోచించండి. ప్యాకింగ్ మీది 'మ్యాక్స్ వాట్స్' చూడకండి, అది అలంకారం. ఆర్ఎంఎస్ (నిలకడగా తట్టుకునే పవర్), ఎక్స్‌మ్యాక్స్ (కోన్ సరిగ్గా కదలగల దూరం), క్యూటీఎస్ (కోన్ ఊపు ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె) చూడండి. మూసిన డోర్‌లో క్యూటీఎస్ 0.5 నుంచి 0.7 మధ్య ఉన్నవి హాయిగా పనిచేస్తాయి. కదలిక అంతే ఉంటే, 8 అంగుళాలది 6.5 కంటే నాలుగు డెసిబెల్స్ దాకా ఎక్కువ ఇస్తుంది. తేడా తెలుస్తుంది, కాదనను. కానీ గ్లాసు పూర్తిగా దించి, అక్కడి లోతు కొలవకుండా కొంటే మాగ్నెట్ గ్లాసుకు తగులుతుంది.

ఇక కోయడం. నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది ఇదే. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతమిచ్చే ప్రెజర్ సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది. పక్కనుంచి గుద్దినప్పుడు బయటి రేకు లోపలికి నొక్కుకుంటుంది, లోపలి గాలి పీడనం చటుక్కున పెరుగుతుంది. ఆ పెరుగుదలను బట్టి ఎయిర్‌బ్యాగ్ తెరవాలా వద్దా అన్నది క్షణంలో వెయ్యోవంతుల్లో తేలిపోతుంది. అలాంటి డోర్‌కు పెద్ద కన్నం పెట్టినా, ఉన్న కంతలు మూసినా ఆ లెక్క మారిపోవచ్చు. డోర్‌లో మార్పులు చేయొద్దని కొన్ని ఓనర్ మాన్యువల్స్‌లోనే స్పష్టంగా ఉంటుంది. కాబట్టి రేకు కొట్టించేముందే, కోతకైతే మరీ ముందు, మీ మోడల్‌కు ఆ సెన్సర్ ఎక్కడుందో సర్వీస్ సెంటర్‌లో అడగండి. డోర్‌లో ఉందని తెలిస్తే పైన చెప్పిన మూతలు కూడా మానేయండి. ఉన్న సైజులోనే, కంపెనీ స్పీకర్ కూర్చున్నంత బిగుతుగా కూర్చునే స్పీకర్ వేసుకుని సరిపెట్టుకోండి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిలో మల్టీమీటర్ పెట్టడం, టెస్ట్ ల్యాంపు గుచ్చడం ప్రాణాలతో ఆట. ఎ-పిల్లర్ (ముందు అద్దం పక్క స్తంభం) కవర్ కింద కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో అక్కడ ట్వీటర్ (సన్నని శబ్దాల చిన్న స్పీకర్) బిగించడం కూడా అంతే. బ్యాగ్ తెరుచుకుంటే ఆ ట్వీటర్ నేరుగా ముఖం మీదికే వస్తుంది. ఇదంతా ముందుగా చెప్పే ఇన్‌స్టాలర్ దొరికితే వదులుకోకండి.

డోర్‌కు బదులు కాళ్ల దగ్గరి కిక్ ప్యానెల్ ఎలా ఉంటుందని కొందరు అడుగుతుంటారు. రెండు స్పీకర్ల దూరాల మధ్య తేడా తగ్గుతుంది, మంచి చోటే. అయితే అక్కడి ఖాళీ చిన్నది, వైరింగ్ ఎక్కువ, పెడల్స్ దగ్గర అడ్డు రాకూడదు. డోర్‌లోనే ఉంచి డీఎస్పీలో (ధ్వనిని డిజిటల్‌గా సర్దే పరికరం) డిలే ఇవ్వడం తేలిక. దూరంలో ప్రతి 34 సెంటీమీటర్ల తేడాకు ఒక మిల్లీసెకను చొప్పున, దగ్గరున్న స్పీకర్‌ను ఆలస్యం చేస్తే చాలు.

డీఎస్పీ మాట వచ్చింది కాబట్టి నా గొడవ కూడా వినండి. కొన్ని చవక డీఎస్పీల ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో ఫైల్ షేరింగ్ లింకులో ఉంటుంది. దాన్ని వేసుకోవాలంటే యాంటీవైరస్ ఆపేయమని పక్కనే రాసి ఉంటుంది! బ్యాంకు పనులు చూసుకునే ల్యాప్‌టాప్‌లో ఎవరు చేస్తారండీ ఆ పని? చాలామంది చేస్తున్నారు. అదే డీఎస్పీ బ్లూటూత్‌కు పిన్ ఉండదు, ఉన్నా 0000. పక్క కారులోని వాళ్లు మీ సెట్టింగ్స్ మార్చేయగలరు. ఫోన్ యాప్ అయితే కాంటాక్ట్స్ అడుగుతుంది. క్రాసోవర్ (ఏ శబ్దం ఏ స్పీకర్‌కు వెళ్లాలో విడదీసే సెట్టింగ్) తిప్పడానికి కాంటాక్ట్స్ ఎందుకు? అనుమతి నిరాకరించండి. యాప్ అప్పుడు మొరాయిస్తే డీఎస్పీని వాపసు ఇచ్చేయండి.