టెక్ సందేహాలు: టాల్ ఆటలు చూపిస్తే ఇంజిన్‌కి దూకుడు వస్తుందా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. సొంతంగా చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) రాసి, దానికి పొజిషన్‌ని అంచనా వేసే చిన్న ఎన్‌ఎన్‌యూఈ న్యూరల్ నెట్‌వర్క్ ట్రెయిన్ చేశాను. బాగానే గెలుస్తోంది గానీ ఆట మరీ చప్పగా ఉంటోంది. పావులన్నీ మార్చేసుకుని ఎండ్‌గేమ్‌కి వెళ్లిపోతుంది. దాడి ఆటకి పేరుపడ్డ మాజీ ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ టాల్ ఆటలతో మళ్లీ ట్రెయిన్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. లెక్క మీరే చూడండి. టాల్ ఆటలు 3 వేలు దొరికాయనుకున్నా, ఆటకి 70 పొజిషన్లు వేసుకుంటే 2 లక్షల పైచిలుకు, చిన్న నెట్‌వర్క్‌కైనా కోట్లలో కావాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఎన్‌ఎన్‌యూఈ ఎత్తులు నేర్చుకోదు. పొజిషన్ చూసి ఎవరిది పైచేయో ఒక అంకె చెప్పడమే దాని పని, ముందుకి ఎత్తులు లెక్కగట్టి మంచిది వెతికేది ఇంజిన్‌లోని సెర్చ్ భాగం. కాబట్టి టాల్‌ని కాపీ కొట్టించలేం, టాల్ ఇష్టపడే పొజిషన్లకి నాలుగు మార్కులు ఎక్కువ వేయడం మాత్రం నేర్పగలం.

1960 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో ఆట తీసుకోండి. 21వ ఎత్తులో టాల్ తన గుర్రాన్ని ఎఫ్4 గడిలో పెట్టాడు, ప్రత్యర్థి బోట్విన్నిక్ దాన్ని బంటుతో చంపేశాడు, రెండెత్తుల తర్వాత టాల్ మంత్రి బీ2 బంటుని కొట్టేసింది. టాల్ గెలిచాడు. తర్వాత విశ్లేషణలో బోట్విన్నిక్‌కి మెరుగైన దారి ఉందని తేలింది. అంటే కచ్చితంగా లెక్కగట్టే ఇంజిన్ అలాంటి బలికి వెనకాడవచ్చు. మీకు దూకుడు కావాలంటే కొంచెం ఎలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్) పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి, ఇది ముందే తేల్చుకోండి.

ఇక పని. పావులు మార్చుకునే జబ్బుకి ట్రైనింగ్ కూడా అక్కర్లేదు. నెట్‌వర్క్ ఇచ్చిన స్కోరుని బోర్డు మీద మిగిలిన పావుల బలాన్ని బట్టి గుణించండి, పావులు తగ్గేకొద్దీ స్కోరూ తగ్గాలి. పేరున్న ఉచిత ఇంజిన్ స్టాక్‌ఫిష్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఇంజిన్ మార్పిడికి వెనకాడుతుంది. ఈ ఒక్క మార్పుకే తేడా కనిపిస్తుంది.

తర్వాత డేటా. మీ ఇంజిన్‌ని దానితోనే ఆడించండి, ఎత్తుకి 5 వేల నోడ్లు (సెర్చ్ చూసే పొజిషన్లు) చాలు, మొదటి ఏడెనిమిది ఎత్తులు ర్యాండమ్‌గా వేయించండి. ఆ ఆటల్లోంచి మంత్రులు ఇంకా బోర్డు మీద ఉన్నవి, రాజులు చెరోవైపు క్యాజిల్ చేసినవి, బంటో గుర్రమో తక్కువైనా దాడి నడుస్తున్నవి ఏరండి. వీటిని మామూలు డేటాలో కలిపి, పాత నెట్‌వర్క్ మీదే తక్కువ లెర్నింగ్ రేటుతో (ఒక్కోసారి నెట్‌వర్క్‌ని కొద్దికొద్దిగా మాత్రమే మారుస్తూ) ఇంకొంతసేపు ట్రెయిన్ చేయండి. నెట్‌వర్క్‌కి నేర్పే అంకెలో సెర్చ్ స్కోరుకీ ఆట ఫలితానికీ చెరో వాటా ఉంటుంది కదా, అందులో ఫలితం వాటా పెంచండి. బంటు పోయిందని సెర్చ్ మైనస్ చూపించినా చివరికి అదే పక్షం గెలిస్తే, ఆ సంగతి నెట్‌వర్క్‌కి తెలిసేది ఫలితంలోంచే.

దయచేసి ఒక్క తప్పు మాత్రం చేయకండి. బలి ఇచ్చి గెలిచిన ఆటలే ఏరి, ఓడినవి పారేస్తే, పావు ఇవ్వడమే గెలుపు అని నెట్‌వర్క్ నమ్మేస్తుంది, ఊరికే గుర్రాలు పారబోస్తుంది. ఏరేది పొజిషన్ తీరుని బట్టి, ఫలితాన్ని బట్టి కాదు. ఓడిన దాడులు కూడా డేటాలో ఉంటేనే ఏ బలి పనికొస్తుందో దానికి తెలుస్తుంది.

ఇంత చేశాకా డ్రాలు ఎక్కువైతే అప్పుడు కంటెంప్ట్ పెట్టండి, అంటే డ్రా స్కోరుని సున్నా కాకుండా కాస్త కిందికి దించడం. ప్రతి మార్పుకీ పాత వెర్షన్‌తో కనీసం వెయ్యి ఆటలు ఆడించండి, ఎలోతో పాటు ఎన్ని ఆటలు 40 ఎత్తుల్లోపు తేలాయో కూడా రాసుకోండి. పది ఆటలు చూసి నిర్ణయానికి రావద్దు.

ప్రశ్న: నాకు కోడింగ్ రాదు. దాడి చేసే ఇంజిన్‌తో ప్రాక్టీస్ చేయాలని ఉంది.

జవాబు: ప్యాట్రీషియా అనే ఉచిత ఇంజిన్‌ని దూకుడు కోసమే తయారుచేశారు, గిట్‌హబ్‌లో దొరుకుతుంది. అరీనా లాంటి, ఇంజిన్లని నడిపే ఏ యూసీఐ (ఇంజిన్లతో మాట్లాడే ప్రామాణిక పద్ధతి) ప్రోగ్రామ్‌లోనైనా నడుస్తుంది. కొమోడో డ్రాగన్ అనే ఇంకో ఇంజిన్‌లో అయితే పర్సనాలిటీ సెట్టింగ్‌లో ‘అగ్రెసివ్’ పెట్టుకోండి. రెండూ మనల్ని చితక్కొడతాయి, అందుకని మీరు గెలుస్తున్న పొజిషన్ పెట్టుకుని అక్కడి నుంచి కాచుకోవడం ప్రాక్టీస్ చేయండి.