సున్నా వేస్తే యాభై ఎందుకవుతోంది?

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో రోజూ వేసే మేత లెక్కకు జావాస్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. అంకె వేయడం మరిచిపోతే 50 కిలోలు పడేలా మేత ||= 50 అని పెట్టాను. ముసురు పట్టి మేత ఆపిన రోజు 0 వేస్తే, అదీ 50 అయిపోతోంది. ఎందుకండీ?
– డిగ్రీ విద్యార్థి, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: ||= ఎడమ పక్క విలువ ఉందా లేదా అని చూడదు, అది నిజమా అబద్ధమా అని చూస్తుంది. జావాస్క్రిప్ట్‌లో 0, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం), ఫాల్స్, నాన్ (NaN, అంకె కానిది), నల్ (ఏమీ లేదని పెట్టే గుర్తు), అన్‌డిఫైన్డ్ (విలువే ఇవ్వనిది) అన్నీ అబద్ధం కిందే లెక్క. మీరు కావాలని వేసిన సున్నా అలా ఎగిరిపోయింది. అక్కడ ??= రాయండి. ఎడమ పక్క నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ ఉంటేనే అది కుడి పక్కది తీసుకుంటుంది, సున్నా జోలికి పోదు.

అంతటితో పని తీరదు. ఫారంలో గడి ఖాళీగా వదిలితే మీకు అందేది నల్ కాదు, ఖాళీ స్ట్రింగ్. ??= దాన్ని విలువ కిందే లెక్కేసి వదిలేస్తుంది. పైగా దాన్ని నంబర్ ఫంక్షన్‌కి ఇచ్చారంటే 0 అవుతుంది. మరిచిపోయిన రోజు కాస్తా మేత ఆపిన రోజైపోతుంది, ఎర్రరూ రాదు. అందుకని ముందు ఖాళీలు కత్తిరించి, ఏమీ మిగలకపోతే నల్ పెట్టండి. మిగిలితే అంకెగా మార్చండి. ??= ఆ తర్వాతే. ఎవరైనా "50 కేజీ" అని కొడితే నాన్ వస్తుంది, ??= దాన్నీ ముట్టుకోదు, విడిగా పట్టుకోవాలి.

అసలు మరిచిపోయిన రోజుకు 50 ఊహించడమే మాకు నచ్చలేదు. ఎఫ్‌సీఆర్ (రొయ్య కిలో పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క) తప్పుతుంది. ఆ గడిని ఎర్రగా చూపించండి.

ఇంకొకటి. మేత ||= 50 అంటే మేత = మేత || 50 అని చాలామంది అనుకుంటారు. నిజానికది మేత || (మేత = 50). ఎడమ పక్కది నిజమైతే అసలు రాయడమే జరగదు. మేతను కాన్‌స్ట్‌గా (మళ్లీ మార్చకూడని పేరుగా) 30 పెట్టి చూడండి, కిక్కురుమనదు. అదే 0 పెడితే టైప్ ఎర్రర్ కొడుతుంది.

ఈ గుర్తులు 2021 ప్రమాణంలో వచ్చాయి. ల్యాబ్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ 14 ఉంటే సింటాక్స్ ఎర్రరే.

ప్రశ్న: రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ||= రాస్తే 0 మారడం లేదే?
– ఒంగోలు పాఠకురాలు

జవాబు: రూబీలో నిల్ (అక్కడి నల్), ఫాల్స్ రెండే అబద్ధం. 0 అక్కడ నిజమే. చిక్కంతా ఫాల్స్‌తోనే: ఒకసారి లెక్కకట్టిన జవాబు ఫాల్స్ అయితే ||= ప్రతిసారీ మళ్లీ లెక్కకడుతుంది. జవాబులను హ్యాష్‌లో (కీ, విలువ జంటల పట్టికలో) దాచి, కీ ఉందో లేదో చూసుకోండి.